స్వైపింగ్ మిషన్ ఒప్పందం: సంతకానికి ముందు వేయాల్సిన లెక్క

కొత్తగా కొట్టు తెరిచి నెల తిరగకముందే స్వైపింగ్ మిషన్ పెట్టిస్తామంటూ ఎవరో ఒక సేల్స్ కుర్రాడు ట్యాబ్ పట్టుకుని వస్తాడు. మొదట చెప్పేది రేటే. ‘‘పక్క షాపులో 1.9 శాతం కడుతున్నారు, మీకు 1.6కే ఇప్పిస్తాం సార్.’’ యజమాని బేరమాడి దాన్ని 1.55కు దించుతాడు. ఆధార్ ఓటీపీ, పాన్ కార్డు, క్యాన్సిల్డ్ చెక్కు ఫొటో, తెర మీద వేలితో సంతకం. పావుగంటలో పని పూర్తవుతుంది. ఒప్పందం ఈమెయిల్‌కో, ఎస్సెమ్మెస్‌లో లింకుగానో వస్తుంది. దాన్ని తెరిచి చదివేవాళ్లు చాలా తక్కువ.

గంటసేపు బేరమాడి తగ్గించుకున్న ఆ 0.05 శాతం లక్ష రూపాయల అమ్మకానికి యాభై రూపాయలు. చదవకుండా వదిలేసిన పేజీల్లో నెలనెలా వందలు, ఒక్కోసారి లక్షలు ఇరుక్కునే షరతులు ఉంటాయి. గల్లాపెట్టె దగ్గర రూపాయి రూపాయి లెక్కచూసే వ్యాపారులు సైతం ఇక్కడే దెబ్బతింటున్నారు. కారణం అజాగ్రత్త కాదు. రేటు కనిపించినంత సులువుగా మిగతా షరతులు కనిపించకపోవడమే.

కమిషన్ ఎవరెవరికి పోతుంది

కార్డు గీకినప్పుడు వ్యాపారి ఖాతాలో పడే సొమ్ములోంచి కోసుకునే కమిషన్‌ను ఎండీఆర్ అంటారు. మర్చంట్ డిస్కౌంట్ రేట్ అని దాని పూర్తి పేరు. ఇది మొత్తంగా మిషన్ ఇచ్చిన కంపెనీకి పోదు. పెద్ద వాటా కొనుగోలుదారుడికి కార్డు ఇచ్చిన బ్యాంకుది. కొంత వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటి నెట్‌వర్క్‌ది. మిగిలిన కాస్త మిషన్ పెట్టిన బ్యాంకు, దానితో కలిసి పనిచేసే కంపెనీ పంచుకుంటాయి. కాబట్టి బేరానికి చోటున్నది ఆ చివరి ముక్కలోనే. మార్కెట్లో అందరికంటే బాగా తక్కువ రేటు ఎవరైనా చెబుతున్నారంటే, పైవాళ్లకు ఇవ్వాల్సింది వాళ్లూ ఇవ్వక తప్పదు. ఆ లోటును అద్దెలోనో, ఇన్‌స్టాలేషన్ చార్జీలోనో, ఏడాది తర్వాత పెంచే రేటులోనో పూడ్చుకుంటారు. ఒప్పందంలో అది ఎక్కడ రాసి ఉందో వెతకడమే ముందు చేయాల్సిన పని.

రేటు విషయంలో వ్యాపారికి చట్టం ఇచ్చిన రక్షణ కూడా కొంత ఉంది. డెబిట్ కార్డుల కమిషన్‌కు రిజర్వు బ్యాంకు పెట్టిన పరిమితి 2018 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో టర్నోవర్ రూ.20 లక్షల లోపు ఉన్న చిన్న వ్యాపారి దగ్గర స్వైపింగ్ మిషన్ మీద 0.40 శాతానికి మించి తీసుకోకూడదు. అది కూడా ఒక్కో లావాదేవీకి రూ.200 దాటకూడదు. అంతకంటే పెద్ద వ్యాపారికి 0.90 శాతం, గరిష్ఠంగా రూ.1,000. బంగారు షాపుల వాళ్లకు ఈ రెండో అంకె చాలా ముఖ్యం. 3 లక్షల నగకు డెబిట్ కార్డు గీకితే 0.90 శాతం లెక్కన రూ.2,700 అవుతుంది. కానీ తీసుకోగలిగింది వెయ్యే. స్టేట్‌మెంట్‌లో పెద్ద బిల్లులు నాలుగైదు ఏరి చూస్తే ఈ పరిమితి పాటిస్తున్నారో లేదో తెలిసిపోతుంది.

2020 జనవరి 1 నుంచి రూపే డెబిట్ కార్డుకు, బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐ చెల్లింపుకు ఎండీఆర్ సున్నా. అందుకే ‘అన్ని కార్డులకూ ఒకటే రేటు, 1.5 శాతం’ అని ఎవరైనా చెబితే వెంటనే ఆగాలి. రూపే డెబిట్‌కు అసలు కమిషనే ఉండకూడదు, మిగతా డెబిట్ కార్డులకు 0.90 మించకూడదు. అలాంటప్పుడు అన్నిటికీ కలిపి 1.5 ఎలా కుదురుతుంది? క్రెడిట్ కార్డు కమిషన్‌కు మాత్రం ఇలాంటి పరిమితి లేదు. అసలు బేరమంతా అక్కడే జరగాలి.

యూపీఐ అంటే అంతా ఉచితమే అన్న నమ్మకం కూడా ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. రూపే క్రెడిట్ కార్డును యూపీఐ యాప్‌కు జతచేసి అదే క్యూఆర్‌ను స్కాన్ చేయొచ్చు. చిన్న వ్యాపారులకు రూ.2 వేల లోపు అయితే దానికి కమిషన్ లేదు, దాటితే ఉంది. వాలెట్ బ్యాలెన్స్ నుంచి యూపీఐ ద్వారా కట్టినప్పుడు కూడా రూ.2 వేలు దాటిన చెల్లింపుల మీద ఇంటర్‌చేంజ్, అంటే కార్డు లేదా వాలెట్ ఇచ్చిన సంస్థకు పోయే వాటా, ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఈ ఇంటర్‌చేంజ్ వ్యాపార రకాన్ని బట్టి 1.1 శాతం వరకు వెళ్తుంది. స్కాన్ చేసిన కస్టమర్‌కు ఇదేమీ కనిపించదు. మర్నాడు సెటిల్‌మెంట్‌లో, అంటే కమిషన్ పోను ఖాతాలో పడే సొమ్ములో, ఎందుకు తగ్గిందో కొట్టు యజమానికీ అర్థం కాదు. రేట్ల షీటులో ఈ రెండింటికీ విడిగా వరసలు ఉన్నాయా లేదా అన్నది చూసుకోవాలి.

ఒకే ఆఫర్, రెండు కొట్లు

రేటు, అద్దె కలిపి చూస్తే బొమ్మ ఎలా మారుతుందో ఒక లెక్క వేసి చూద్దాం. ఒక కంపెనీ క్రెడిట్ కార్డుకు 1.60 శాతం, మిషన్ అద్దె నెలకు రూ.600 అంటోంది. ఇంకొక కంపెనీ 1.85 శాతం అంటోంది, అద్దె లేదు. డెబిట్ రేటు రెండింటిదీ ఒకటే.

విజయవాడలో ఒక బట్టల షాపుకు నెలకు రెండున్నర లక్షలు క్రెడిట్ కార్డుల మీద వస్తాయనుకుందాం. మొదటి కంపెనీ దగ్గర కమిషన్ రూ.4,000, అద్దెతో కలిపి రూ.4,600. రెండో దాని దగ్గర రూ.4,625. దాదాపు సమానం. అదే వీధిలో ఒక టిఫిన్ సెంటర్‌కు క్రెడిట్ కార్డుల మీద నెలకు 20 వేలే వస్తాయి, మిగతాదంతా యూపీఐ. దానికి మొదటి కంపెనీ దగ్గర 320 ప్లస్ 600, మొత్తం రూ.920. రెండో కంపెనీ దగ్గర రూ.370. తక్కువ రేటు అని మొదటిది తీసుకుంటే టిఫిన్ సెంటర్ ఏడాదికి రూ.6,600 ఎక్కువ కడుతుంది.

ఈ రెండు ఆఫర్లు సమానమయ్యే చోటు కనుక్కోవడం కష్టం కాదు. అద్దెలో తేడా రూ.600ను రేటులో తేడా 0.25 శాతంతో భాగిస్తే 2 లక్షల 40 వేలు వస్తుంది. నెలకు క్రెడిట్ కార్డు అమ్మకాలు అంతకంటే ఎక్కువుంటేనే అద్దె ఉన్న ఆఫర్ లాభం. ఏ రెండు ఆఫర్ల మధ్యనైనా ఈ భాగహారం వేయొచ్చు. దానికి కావాల్సిందల్లా గత మూడు నెలల్లో ఏ రకం చెల్లింపు ఎంత వచ్చిందన్న లెక్క. కొత్త షాపైతే ఆ వీధిలోని అలాంటి షాపును అడిగి అంచనా వేసుకోవాలి. ఈ లెక్క చేతిలో లేకుండా బేరానికి కూర్చోవడం తూకం లేకుండా సరుకు కొన్నట్టే.

అద్దె దగ్గర ఇంకో మెలిక ఉంది. ‘నెలకు ఇంత వ్యాపారం జరిగితే అద్దె మాఫీ’ అని చాలా చోట్ల ఇస్తారు. ఆ ‘వ్యాపారం’లో యూపీఐని లెక్కేస్తారా, కార్డులను మాత్రమేనా? చాలాసార్లు కార్డుల్నే లెక్కేస్తారు. ఆషాఢంలో, శూన్యమాసాల్లో అమ్మకాలు పడిపోయే బట్టల షాపులకు, పెళ్లిళ్ల సీజన్ మీద బతికే ఫొటో స్టూడియోలకు ఈ మాఫీ ఏడాదిలో సగం నెలలు దక్కదు. మాఫీని నెలవారీగా కాకుండా మూడు నెలల సగటు మీద లెక్కించమని అడగొచ్చు. అడిగితే ఒప్పుకునే సంస్థలూ ఉన్నాయి.

కమిషన్ మీద, అద్దె మీద జీఎస్టీ 18 శాతం. రెగ్యులర్ జీఎస్టీ ఉన్నవాళ్లు దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు, కాంపొజిషన్ స్కీములో ఉన్నవాళ్లకు ఆ అవకాశం లేదు, కాబట్టి వాళ్లకు అది నికరమైన ఖర్చే. ఒక్కో లావాదేవీ రూ.2 వేల లోపు ఉన్న కార్డు చెల్లింపుల కమిషన్‌కు మాత్రం జీఎస్టీ మినహాయింపు ఉంది. కస్టమర్లు కట్టిన సొమ్మును వ్యాపారుల తరఫున వసూలు చేసి వాళ్లకు సెటిల్ చేసే పేమెంట్ అగ్రిగేటర్లకూ ఇది వర్తిస్తుందని 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ సమావేశం తేల్చింది. అద్దెకు ఈ మినహాయింపు లేదు.

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకు రిఫండ్ షరతు విడిగా చూడాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో చీరలు అమ్మే ఒకావిడ దగ్గర గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకునే సేవ) 2 శాతం తీసుకుంటోంది అనుకుందాం. మూడు వేల చీరకు కమిషన్ రూ.60, దాని మీద జీఎస్టీ రూ.10.80. రంగు నచ్చలేదని కస్టమర్ వెనక్కి పంపితే మూడు వేలూ తిరిగి ఇవ్వాలి. కానీ ఆ డెబ్బై రూపాయలను చాలా గేట్‌వేలు తిరిగి ఇవ్వవు. వంద ఆర్డర్లలో పదిహేను వెనక్కి వచ్చే వ్యాపారంలో నికరంగా నిలిచిన అమ్మకాల మీద అసలు రేటు 2 కాదు, 2.35 అవుతుంది. కమిషన్ ఎంతన్న ప్రశ్నతో పాటు రిఫండ్ అయినప్పుడు అది తిరిగి వస్తుందా అని అడగాలి.

డబ్బు ఎప్పుడు, ఏ ఖాతాలో

బ్యాంకు నేరుగా ఇచ్చిన యూపీఐ క్యూఆర్ అయితే సొమ్ము సాధారణంగా అప్పటికప్పుడు ఖాతాలో పడుతుంది. అగ్రిగేటర్ క్యూఆర్ అయితే ముందు వాళ్ల ఎస్క్రో ఖాతాకు (వ్యాపారుల సొమ్మును విడిగా ఉంచే ఖాతా) చేరి, తర్వాత విడతగా వ్యాపారికి వస్తుంది. ఈ రెంటికీ తేడా ఉందని చాలామందికి తెలియదు, ఎందుకంటే సౌండ్ బాక్స్ రెండు చోట్లా ఒకేలా ‘రిసీవ్డ్’ అని అరుస్తుంది. శనివారం సాయంత్రం అమ్మిన కూరగాయల డబ్బుతో ఆదివారం తెల్లవారుజామున మార్కెట్ యార్డులో సరుకు ఎత్తాల్సిన వ్యాపారికి ఈ ఒక్క రోజు తేడాయే ప్రాణం మీదికి వస్తుంది. ‘ఇన్‌స్టంట్ సెటిల్‌మెంట్’ అని దానికి అదనపు చార్జీ పెట్టేది అందుకే. ఆదివారాలు, బ్యాంకు సెలవుల్లో సెటిల్‌మెంట్ ఉందా, ఉంటే ఉచితమా అన్నది కాగితం మీద ఉండాలి.

సొమ్ము చేరే ఖాతా కూడా ముఖ్యమే. 2024 జనవరి 31న పేటీఎం పేమెంట్స్ బ్యాంకు మీద రిజర్వు బ్యాంకు ఆంక్షలు ప్రకటించింది. ముందు ఫిబ్రవరి 29 అన్న గడువును తర్వాత మార్చి 15 దాకా పొడిగించింది. అదే పేమెంట్స్ బ్యాంకులో సెటిల్‌మెంట్ ఖాతా ఉన్న వ్యాపారులు ఆ గడువులోగా వేరే బ్యాంకు ఖాతాకు మారాల్సి వచ్చింది. వేరే బ్యాంకుకు అనుసంధానమైన క్యూఆర్, సౌండ్ బాక్స్ ఉన్నవాళ్లకు ఆ అవసరం రాలేదు. మిషన్ ఇచ్చే సంస్థ ‘ఖాతా కూడా మా దగ్గరే తెరవండి, రేటు తగ్గిస్తాం’ అన్నప్పుడు ఈ సంగతి గుర్తుకు రావాలి. సెటిల్‌మెంట్ ఖాతాను ఫీజు లేకుండా మార్చుకునే హక్కు ఒప్పందంలో ఉండేలా చూసుకోవాలి.

అన్నిటికంటే బరువైన షరతు మాత్రం ‘హోల్డ్’. అనుమానం వస్తే సంస్థ సెటిల్‌మెంట్‌ను ఆపేయొచ్చని దాదాపు ప్రతి ఒప్పందంలోనూ ఉంటుంది. మోసాలను అడ్డుకోవడానికి అది అవసరమే, కాదనలేం. చిక్కల్లా ఎన్ని రోజులు, ఎంత మొత్తం, ఎవరికి సంజాయిషీ ఇస్తే విడుదల చేస్తారు అన్నవి రాయకపోవడం దగ్గర ఉంది. వివాదంలో ఉన్నది 5 వేల లావాదేవీ అయితే ఆపాల్సింది 5 వేలే, మూడు రోజుల అమ్మకం మొత్తం కాదు. ఈ ఒక్క వాక్యం కోసం పట్టుబట్టడం 0.05 శాతం కోసం పట్టుబట్టడం కంటే ఎన్నో రెట్లు మేలు.

ట్రావెల్స్, కోచింగ్ సెంటర్లు, ఈవెంట్ల వాళ్ల లాగా డబ్బు ముందు తీసుకుని సేవ తర్వాత ఇచ్చే వ్యాపారాల దగ్గర ‘రోలింగ్ రిజర్వు’ అడుగుతారు. ప్రతి సెటిల్‌మెంట్‌లో పదో వంతు ఆరు నెలలు అట్టిపెట్టుకుంటారనుకుందాం. నెలకు ఐదు లక్షలు వసూలయ్యే ట్రావెల్స్‌కు నెలకు 50 వేలు ఆగిపోతాయి. ఆరో నెల చివరికి మూడు లక్షలు వాళ్ల దగ్గర ఉండిపోతాయి. ఆ తర్వాత నెలనెలా పాత 50 వేలు వస్తాయి, కొత్త 50 వేలు పోతాయి, మూడు లక్షలు మాత్రం అక్కడే. ఆ మొత్తాన్ని వడ్డీకి తెచ్చి నడపాల్సి వస్తే, నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ లెక్కన ఆరు వేలు. అంటే అమ్మకాల మీద ఇంకో 1.2 శాతం. రేటు కార్డులో ఈ అంకె ఎక్కడా ఉండదు.

చార్జ్‌బ్యాక్ కూడా ఇలాంటిదే. కస్టమర్ తన బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే సొమ్ము ముందు వెనక్కి పోతుంది, తర్వాతే వాదన. రుజువులు పంపడానికి ఇచ్చే గడువు కొద్ది రోజులే. బిల్లు, కొరియర్ రసీదు, వాట్సాప్ సంభాషణ భద్రపరిచిన వ్యాపారికే గెలిచే అవకాశం. ఓడినా గెలిచినా చార్జ్‌బ్యాక్ ఫీజు వసూలు చేస్తారా అన్నది ముందే తెలుసుకోవాలి.

ఇంకొక మాట కటువుగానైనా చెప్పుకోవాలి. మన ఊళ్లలో క్రెడిట్ కార్డు గీకి, రెండు మూడు శాతం పట్టుకుని చేతికి క్యాష్ ఇచ్చే అలవాటు చాలా కొట్లలో ఉంది. తెలిసినవాళ్ల అవసరమని ఒకసారి చేసినా సరే, సరుకు లేని అమ్మకం ఒప్పంద ఉల్లంఘన. దరఖాస్తులో కిరాణా అని రాసి మిషన్‌ను ఫైనాన్స్ చేసే బావమరిదికి ఇవ్వడం కూడా అంతే. వీటివల్ల సెటిల్‌మెంట్ ఆగితే అడిగే హక్కు దాదాపు ఉండదు.

వ్యాపారి రుణాల గురించి కొంచెం. మిషన్ మీద జరిగే అమ్మకాలు చూసి కొన్ని యాప్‌లలో అప్పు ఇప్పిస్తారు, వాయిదా రోజూ సెటిల్‌మెంట్‌లోంచే కట్ అవుతుంది. సౌకర్యమే. కానీ అప్పు తీరేదాకా ఆ కంపెనీని వదిలి వెళ్లలేరు, రేటు పెంచినా నోరెత్తలేరు.

బయటకు వచ్చే దారి

‘లాక్-ఇన్ లేదు, ఎప్పుడైనా మానేయొచ్చు’ అని నోటితో చెప్పేవాళ్లు కాగితంలో ‘12 నెలల లోపు మిషన్ వాపసు చేస్తే మిగిలిన నెలల అద్దె’ అని రాయడం మామూలే. అమెరికాలో ఇది ఎంత దూరం వెళ్తుందో అక్కడ గ్యాస్ స్టేషన్లు, ఇండియన్ గ్రోసరీలు, రెస్టారెంట్లు నడిపే తెలుగువాళ్లకు బాగా తెలుసు. అక్కడ మిషన్‌ను 48 నెలల లీజుకు, మధ్యలో రద్దు చేసుకునే వీల్లేని షరతు మీద ఇచ్చే పద్ధతి ఉంది. నెలకు 40 డాలర్లు చిన్న మొత్తమే అనిపిస్తుంది. నాలుగేళ్లకు 1,920 డాలర్లు. కొత్త మిషన్ కొంటే కొన్ని వందల డాలర్లే. పైగా లీజు వేరే కంపెనీతో ఉంటుంది కాబట్టి కార్డు చెల్లింపులు నడిపే కంపెనీని (ప్రాసెసర్) మార్చినా లీజు పోదు. యజమాని పర్సనల్ గ్యారంటీ ఇచ్చి ఉంటే షాపు మూసేసినా కంతులు ఆగవు. ఇలాంటి లీజుల మీద న్యూయార్క్ అటార్నీ జనరల్ 2016లో వేసిన ఒక కేసులో 2020లో కోర్టు ఆ లీజింగ్ కంపెనీనే రద్దు చేయమని ఆదేశించింది. అప్పటికే వేలమంది చిన్న వ్యాపారులు కట్టాల్సింది కట్టేశారు.

అక్కడ రేటు అడిగే పద్ధతి కూడా నేర్చుకోదగ్గది. డర్బిన్ సవరణ అనే అమెరికా చట్టం ప్రకారం 2011 అక్టోబరు నుంచి పెద్ద బ్యాంకుల డెబిట్ కార్డుకు ఇంటర్‌చేంజ్ 21 సెంట్లు, దాని పైన 0.05 శాతం, మోసాల నివారణకు మరో సెంటు. 50 డాలర్ల బిల్లుకు దాదాపు పావు డాలర్. అదే బిల్లుకు 2.9 శాతం ప్లస్ 30 సెంట్ల ఫ్లాట్ రేటు మీద ఒక డాలర్ 75 సెంట్లు పోతుంది. అందుకే డెబిట్ ఎక్కువ వచ్చే గ్రోసరీ షాపులు ‘ఇంటర్‌చేంజ్ ప్లస్’ అడుగుతాయి. అంటే బ్యాంకుకు, నెట్‌వర్క్‌కు పోయేది ఎంతో విడిగా చూపి, తమ లాభం దాని మీద ఇంత అని చెప్పే పద్ధతి. మన దగ్గర చిన్న షాపులకు ఇలాంటి విభజన ఇవ్వరు. పది కొట్లున్న గొలుసు దుకాణాలు, కోటి రూపాయలు దాటి కార్డు అమ్మకాలున్న ఆసుపత్రులు అడగడంలో తప్పు లేదు.

ఒప్పందం చివర్లో రెండు వాక్యాలు దాక్కుని ఉంటాయి. ఒకటి, ‘చార్జీలను సంస్థ ఎప్పుడైనా సవరించవచ్చు, సేవను వాడుతూ ఉంటే అంగీకరించినట్టే’. దీన్ని పూర్తిగా తీసేయించడం చిన్న వ్యాపారికి సాధ్యం కాకపోవచ్చు. కానీ 30 రోజుల ముందు నోటీసు, రేటు పెంచితే జరిమానా లేకుండా వెళ్లిపోయే హక్కు, ఈ రెండూ ఈమెయిల్ ద్వారా రాబట్టుకోవచ్చు. సేల్స్ కుర్రాడి వాట్సాప్ మెసేజ్ చాలదు, ఆరు నెలల్లో అతను ఇంకో కంపెనీలో ఉంటాడు. సంస్థ అధికారిక చిరునామా నుంచి వచ్చిన ఈమెయిలే లెక్క.

రెండోది, ‘వివాదాలన్నీ ముంబై కోర్టుల పరిధిలోనే’ అన్న తరహా వాక్యం. ఏడు వేల రూపాయల కోసం కడప నుంచి ముంబై వెళ్లి కేసు వేసేవాళ్లు ఉండరు. అందుకే ఫిర్యాదు మార్గం ముందే తెలిసి ఉండాలి. పేమెంట్ అగ్రిగేటర్‌కు ఫిర్యాదులు చూసే నోడల్ అధికారి ఉండాలని రిజర్వు బ్యాంకు 2020 మార్చి మార్గదర్శకాల్లోనే చెప్పింది. 2025 సెప్టెంబరులో వచ్చిన రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనల పత్రం (మాస్టర్ డైరెక్షన్) ఆన్‌లైన్ వాళ్లతో పాటు కొట్లలో మిషన్లు పెట్టే అగ్రిగేటర్లనూ తన పరిధిలోకి తెచ్చింది. అనుమతి ఉన్న సంస్థల జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంటుంది, సంతకానికి ముందు అందులో పేరు వెతకడానికి రెండు నిమిషాలు చాలు. మిషన్ ఇచ్చింది బ్యాంకు అయితే రాతపూర్వక ఫిర్యాదుకు 30 రోజుల్లో సమాధానం రానప్పుడు బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దాకా వెళ్లొచ్చు. ఖర్చు లేదు, లాయరు అక్కర్లేదు.

మిషన్ వద్దనుకున్న రోజున దాన్ని తీసుకెళ్లడానికి వచ్చిన మనిషి చేతికి ఊరికే ఇచ్చి పంపకూడదు. సీరియల్ నంబరు, చార్జర్, తేదీ రాసి సంతకం చేయించుకోవాలి, ఫొటో తీసుకోవాలి. అద్దె కోసం ఇచ్చిన ఆటోపేను ఆ సాయంత్రమే యాప్‌లో రద్దు చేయాలి, ఖాతా నుంచి తీసుకోవచ్చని రాసిచ్చిన మాండేట్ ఉంటే బ్యాంకులో ఆపించాలి. మిషన్ వెళ్లిపోయి ఎనిమిది నెలలైనా అద్దె కట్ అవుతూనే ఉన్న కొట్లు ఉన్నాయి. వాపసు ఇచ్చినట్టు కాగితం చూపించగలిగిన వాళ్లకే ఆ డబ్బు తిరిగి అడిగే దారి ఉంటుంది.